ఆరు రేకుల మందార

మా సూర్యాపేట కాలేజీ పాత విద్యార్థుల సంచికకు వ్యాసం కావాలన్నారు. ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకుంటానా? బీరువాలోంచి ఒక పాత రికార్డు కాగితం తీశాను. దాని మీద పెన్సిల్‌తో గీసిన మందార పువ్వు. లోకంలో రెక్క మందారకు ఐదు రేకులుంటే దీనికి ఆరున్నాయి. సూర్యాపేటలో ఒకప్పుడు ఆరు రేకుల రకం ఉండేదనీ, బందరు దారిన వచ్చిపోయే వర్తకులు తెచ్చి ఉంటారనీ నాలుగు పేజీలు రాసేశాను. ఆ మొక్క ఎక్కడిదో గీసినవాణ్ణి అడిగి రాస్తే నా పరిశోధనకు తిరుగుండదు. కాగితం మూల సైదులు అని నా పాత విద్యార్థి పేరుంది. మిర్యాలగూడలో విత్తనాల దుకాణం పెట్టాడని తెలిసింది. వ్యాసం మర్నాడే ప్రెస్సుకు వెళ్లాలి.

ఉదయం ఎనిమిదింటికి సూర్యాపేటలో బస్సెక్కాను. పక్క సీటులో సంచీ నిండా వంకాయలతో ఒకామె. నా ఒళ్లోని బొమ్మలోకి తొంగిచూసింది.

"మందార పువ్వా సారూ? ఒక రెక్క ఎక్కువేసిండు గదా!"

"అది అరుదైన రకమమ్మా."

"ఏం రకమో! గీసినోడు లెక్క తప్పిండు," అని ఆమె కునుకు తీసింది. శాస్త్రం తెలియనివాళ్లతో వాదన దేనికని నేను కిటికీ వైపు తిరిగాను.

తొమ్మిదిన్నరకు మిర్యాలగూడ. సైదులు నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకున్నాడు. తల సగం నెరిసింది కానీ భయం మాత్రం అలాగే ఉంది. ఛాయ్ తెప్పించాడు. మొక్క సంగతి అడిగేసరికి నీళ్లు నమిలాడు.

"సార్, జర కోపానికి రాకుండ్రి. గిది నేను గీయలే. మా క్లాసు సుజాతతోని గీపిచ్చుకున్న, రెండు సమోసలిచ్చి. ఆమె గిప్పుడు కోదాడల టీచరు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఇప్పుడు చెప్తున్న గద సార్."

కోదాడ బస్సు హుజూర్‌నగర్‌లో పది నిమిషాలు ఆగింది. మిర్చిబజ్జీలు తిని, నూనె చేతులతోనే వ్యాసంలో సైదులు పేరు కొట్టేసి సుజాత అని దిద్దాను. మహిళల పరిశీలనాశక్తి గురించి ఒక పేరా కూడా చేర్చాను.

ఒంటిగంటకు కోదాడ. బడిలో భోజనాల వేళ. సుజాత నమస్కారం పెట్టి, కాగితం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ మొక్క ఎక్కడిదమ్మా?"

"బోర్డు మీదిది సార్. మీరే ఆరు రెక్కలు గీసిన్రు. క్లాసంత లెక్కపెట్టుకున్నం."

"ఒక్కరూ చెప్పలేదే!"

"చెప్తే గోడకుర్చీ ఎయ్యాలె గద సార్. అందరం ఆరే గీసినం. మీరు ఎర్రసిరాతోని 'గుడ్' అని సంతకం పెట్టిన్రు. పబ్లిక్ పరీక్షల మాత్రం ఐదే గీసినం. దిద్దేది బయటోళ్లు గద."

తలెత్తలేకపోయాను. అన్ని రికార్డుల మీద సంతకాలు చేసి ఒక్క బొమ్మనూ చూడలేదన్నమాట. సిగ్గేసింది. ఆమె నా ముఖం చూసి తన డబ్బాలోంచి పులిహోర పెట్టింది.

"ప్రతి యేడు మొదటి క్లాసుల నేను గూడ ఆరు రెక్కలే గీస్త సార్. ఎవరన్న తప్పని చెప్తెనే పాఠం మొదలుపెడ్త."

"ఎంతసేపు పడుతుంది?"

"ఆరోది పూర్తిగ గీయనియ్యరు సార్!"

మూడింటికి సూర్యాపేట బస్సు. హైవే మీద నాలుగు పేజీలూ కొట్టేశాను. ఆ బొమ్మ అసలు చరిత్ర రెండు వాక్యాల్లో సరిపోయింది: 'మందారకు ఐదు రేకులని మా క్లాసులో అందరికీ తెలుసు. ఆ మాట నాతో చెప్పే ధైర్యం మాత్రం నేను ఎవరికీ మిగల్చలేదు.' ఆ కాగితాన్ని ఫోటో తీసి సంచిక సంపాదకుడికి పంపాను. అతనూ నా శిష్యుడే, సైదులు తర్వాత పదేళ్లకు చదివాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"సార్, మా బ్యాచ్‌ల గూడ ఆరే గీసినం."

ఫోన్ పెట్టేసి, 'క్లాసులో' అన్నచోట 'క్లాసుల్లో' అని దిద్దాను.