నేను వేయని ఆరు అతుకులు

పాసయ్యాను! బీఎస్సీ ఎలక్ట్రానిక్స్, ఫస్ట్ క్లాసు. మా ఇంట్లో, మా వంశంలో, డిగ్రీ అన్నది నాదే మొదటిది. ఫలితం ఫోన్లో చూసి అరగంటైంది. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. నలుగురు స్నేహితురాళ్లకు ఫోన్ చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. అందుకే ముందు మీకు చెప్తున్నాను. ఈ పాసు వెనుక ఒక సంగతి ఉంది, అదీ ఈరోజే చెప్పేయాలి.

దయ్యాల కథలంటే నాకు నవ్వే. హాస్టల్లో అమ్మాయిలు అలాంటివి చెప్పుకుని వణుకుతుంటే, లేచి వెళ్లి లైటు ఆర్పేసి వచ్చేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు నాటకంలో అంతరిక్ష వీరుడి వేషం వచ్చింది. సినిమాల్లో కనబడే వెలుగు కత్తి కావాలని ఏడ్చాను. నాన్న విరిగిన మగ్గం కర్ర చెక్కి పిడి చేశాడు. దానికి తెల్ల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, అడుగున టార్చి బల్బు పెట్టాడు. తీగలన్నీ పిడిలో గాడి తీసి దాచి, పైన లప్పం పూశాడు. మీట నొక్కితే గొట్టం మసకగా వెలిగేది. నాకు సూర్యుడంత వెలుగు.

ఆయన పోయి రెండేళ్లు. అమ్మ గుంటూరు వైపు మిరపకాయల పనికి పోయింది. నేను ఆదోనిలో గది అద్దెకు తీసుకుని చదువుకున్నాను.

ప్రాజెక్టుకు ఆ కత్తినే ఎంచుకున్నాను. టార్చి బల్బు స్థానంలో ఎల్‌ఈడీ పట్టీ, సెల్సు స్థానంలో ఛార్జింగ్ బ్యాటరీ, ఊపితే గుయ్యిమని మోగే చిన్న బోర్డు. పుస్తకంలో సర్క్యూట్లు గీయడమే తప్ప, అప్పటిదాకా నా చేత్తో ఒక వస్తువు విప్పి బిగించింది లేదు.

వైవాకు ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, పని మొదలుపెట్టాను. బల్బు తీసి, ఆ చోట ఎల్‌ఈడీ పట్టీ బిగించాను. పిడి మధ్యలో చిన్న మూత తీస్తే, ఒక చెక్కముక్క దగ్గర తీగలు ఆరూ కలుస్తాయి. కొత్త బోర్డు వస్తోంది కదా, పాతది ఎందుకని టకటకా కత్తిరించి ఆ చెక్క తీసేశాను. తర్వాత చూసుకుంటే ఆరు కొసలూ ఒకటే పసుపు రంగు. ఏది బ్యాటరీది, ఏది మీటది, ఏది దీపానిది? బ్యాటరీ తీగలు తారుమారైతే బోర్డు కాలిపోతుంది. మళ్లీ తెప్పించుకునే వ్యవధి లేదు. లప్పం పగలగొట్టి చూద్దామంటే నాన్న చేసిన పిడి చీలిపోతుంది.

మగ్గం మీద పాత అచ్చు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే దాని కొసలు తీసేయరు. ప్రతి పాత పోగు కొసకూ కొత్త పోగును వేళ్లతో మెలేసి అతుకుతారు, జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని. చిన్నప్పుడు పక్కన కూర్చుని ఎందుకలా అని అడిగాను.

“పాత పోగు పీకేస్తే కొత్తదానికి దోవ ఎవురు సూపిస్తారు పాపా?” అన్నాడు నాన్న.

నేనూ అతుకుతానని చెయ్యి చాపితే మాత్రం వెనక్కి నెట్టేవాడు. “నీకొద్దు. నీ సేతికి పెన్నే.” అందుకే నాకు ఆ అతుకు వేయడం రాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, ఏ తీగ ఎక్కడికి పోతుందో చూపించే మీటరు అడుగుదామని మా లెక్చరర్ ఇంటికి బయల్దేరాను. కత్తి, బోర్డు బల్ల మీదే వదిలేశాను. తాళం వేశాను. తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంది. పోయి రావడానికి గంటన్నర పట్టింది.

తిరిగొచ్చేసరికి ఆరు తీగలూ బోర్డుకు అతికి ఉన్నాయి.

టంకం లేదు. రాగి కొసలు సన్నగా, బిగువుగా మెలేసి ఉన్నాయి. వాటి మీద బూడిద. తుడిస్తే వేలికి అంటింది. నాది గ్యాసు పొయ్యి. ఇంకొకటి, మెలికలన్నీ ఎడమవైపుకు తిరిగి ఉన్నాయి. నాన్నది ఎడమచేతి వాటం.

కిందికి పరిగెత్తాను. ఇంటి ఓనరు ఫాతిమమ్మ మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. పైకి ఎవరైనా వచ్చారా అని అడిగాను.

“తాళం నీ సేతిలో పెట్టుకోని నన్నడుగుతావేంది బేటీ? మధ్యాన్నం నుంచి ఈడ్నే కూసోనుండా. పిల్లి గూడ మెట్లెక్కలే.” నా మొహం చూసి గొంతు తగ్గించింది. “తిన్నావా లేదా?”

అన్నం పెట్టింది, తిన్నాను. పైకి వచ్చి మీటరుతో ఒక్కో తీగనూ చూశాను. ఆరుకు ఆరూ సరైన చోటే ఉన్నాయి. బ్యాటరీ పెట్టి మీట నొక్కాను. గొట్టం కొస దాకా నీలంగా వెలిగింది. ఊపితే మోగింది. గోడలన్నీ నీలం. చూడ్డానికి నేనొక్కదాన్నే.

వైవాలో, బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు పిడి మూత తీసి, టంకం వేయలేదేమని అడిగారు. తీగలు లాగి చూశారు. ఊడలేదు.

“ఈ అతుకు ఎవరు నేర్పించినారమ్మా?”

“మా నాయన సార్.”

ఆయన మూత బిగించి, మార్కుల షీటు మీద రాసుకున్నారు.

నేనే వేసి మరిచిపోయానేమో అని కూడా అనుకున్నాను. పాత తీగ ముక్కలతో ఎన్నిసార్లు ప్రయత్నించానో లెక్కలేదు. జారిపోతోంది. ఎప్పుడైనా నిలిచినా మెలిక కుడివైపే తిరుగుతోంది.

సరే, ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

అమ్మ. మేస్త్రీ ఫోనుకు చేయాలి, పని దిగాక.

ఆస్పరి మేనత్త. ఆడపిల్లకు డిగ్రీ ఎందుకన్న మనిషి. ఈమెకు రెండుసార్లు చేస్తాను.

మీటరిచ్చిన సారు.

ఫాతిమమ్మ. కూతురింటికి పోయింది, లేకపోతే ఈపాటికి మెట్ల మీదే చెప్పేసేదాన్ని.

రంగప్ప తాత, ఎమ్మిగనూరు. నాన్నతో కూర్చుని ఏళ్ల తరబడి అచ్చులు అతికిన మనిషి. అతుకు చూసి ఎవరి చెయ్యో చెప్తాడు. ఆయన కోడలి ఫోనుకు ఫొటో పంపి, తర్వాత మాట్లాడాలి. మీ నాయనదే అంటాడేమోనని భయం. కాదంటాడేమోనని అంతకంటే భయం.