మామ బావిలో, నేను తాడు మీద

మా ఆయన నాకు మేనమామ. రేవులో మునిగిన ఓడల్లోకి దిగి సామాను పైకి తెచ్చేవాడు. ఎనభైలలో ఒకసారి సెలవుకు తమిళనాడులోని మా ఊరు బొమ్మిడికి వచ్చినాడు. వచ్చినవాడు గమ్మున తిని పడుకోకుండా, ఈసారి చానా లోతు ఓడకు పిలుపొచ్చిందని మీసం తిప్పినాడు.

"అంత లోతులో మామూలు గాలి పీలిస్తే మత్తెక్కుతుంది. హీలియం కలిపిన గాలి కావాల. కంట్రాక్టరు అది ఖరీదంటాడు, మామూలు గాలితోనే దిగమంటాడు."

"కల్లు తాగకుండానే మత్తా? భలే పనే మామా!" అని నవ్వినాను.

"నవ్వొద్దే. పైకి ఆగి ఆగి రావాల. బిరాన వస్తే గోలీ సోడా కొట్టినట్టే. ఒంట్లో బుడగలు లేచి కీళ్లు పట్టేస్తాయి, ప్రాణమూ పోతుంది."

ఆ వారమే గట్టు కూలి మా ఆయిలింజను బావిలో పడింది. వానలకు బావి నిండుగా ఉంది, ఊర్లోకెల్లా లోతు మాదే. ఇంక ఆయనను పట్టగలమా? పంచరు అంగడి గాలి మిషను తెప్పించి, దాని పొగ గాలిలో కలవకుండా అవతలికి తిప్పి, ట్యూబు నోట్లో పెట్టుకొని, నడుముకు తాడు కట్టుకొని దిగినాడు. "నేనొకసారి గుంజితే అక్కడే ఆపండి, రెండుసార్లు గుంజితే లాగండి" అని మరీమరీ చెప్పినాడు.

చెప్పి ఏం లాభం? తాడు పట్టినోళ్లు బావులు తవ్వేవాళ్లు. వాళ్ల పనిలో లోపల తాడు కదిలిందంటే చెడ్డగాలి కొట్టిందని లెక్క, ఒక్క ఊపున పైకి లాగేయాల. మామ ఇంజనుకు చానాసేపు గొలుసులు చుట్టి, పైకి వస్తా సగంలో ఆగి ఒకసారి గుంజినాడు. అంతే, "ఇళు! ఇళు!" అని అరవంలో లాగమని అరుస్తా అందరూ లాగబట్టినారు.

నాకు గోలీ సోడా గుర్తొచ్చింది. పోయి తాడు మీద కూలబడి గట్టు రాయికి కాళ్లు తన్నిపెట్టినాను. "ఎవడైనా లాగితే చేతులు విరగ్గొడతా!"

మామను కన్న మా అవ్వ గుండెలు బాదుకునింది. "నా కొడుకును చంపుతాండావు కదే పాపీ!"

"చూడవ్వా, బుడగలొస్తాండాయి, బతికే ఉండాడు!" అన్నాను. ఆ బుడగల మీద నుంచి కన్ను తిప్పలేదు.

చానాసేపటికి తాడు రెండుసార్లు కదిలింది. అప్పుడు లేచినాను. గట్టెక్కిన మామ నా చీర నిండా బురద చూసి పడీపడీ నవ్వినాడు.

నవ్వు అయినాక అన్నం పెడతా అడిగినాను. "మామా, ఆ ఓడ కాడ తాడు మీద ఎవరు కూర్చుంటారు?"

మరునాడు మామ పోస్టాఫీసుకు పోయి, హీలియం గాలి ఇస్తేనే దిగుతానని కంట్రాక్టరుకు తంతి కొట్టినాడు. వాడు బదులే ఇయ్యలేదు. ఇంక మామ బావిలోంచి గొలుసులతో లాగించిన ఆ ఇంజనుకు నూనె పోసుకుంటా, నన్ను తిట్టుకుంటా ఇంట్లోనే ఉండిపోయినాడు. తిట్టనీ, నా మొగుడు నా కండ్లముందర ఉండాడు.