పోగు తెగిందన్న సైగ

సిరిసిల్లలో సాంచాలు ఆడే ఇళ్లలో పుట్టినవాళ్లం గట్టిగా మాట్లాడతామని మా అత్తగారి ఊళ్లో అందరూ వెక్కిరిస్తారు. అది సగమే నిజం. సాంచ అంటే మరమగ్గం. నాలుగు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే గొంతు చించుకున్నా పక్కనున్న మనిషికి వినబడదు. అందుకని షెడ్డులో చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. రెండు పిడికిళ్లు గుండె ముందు కలిపి, చటుక్కున విడదీస్తే పోగు తెగింది, సాంచ ఆపు. ఆ సైగ కంట పడితే చాలు, మా బాపు కుడిచెయ్యి దానంతట అదే సాంచ ఆపే హ్యాండిల్ మీదికి పోయేది. ఎందుకు, ఏమిటి అన్నది ఆ తర్వాతే. అమ్మ బతికున్నన్నాళ్లు ఆయన్ని తిట్టిన తిట్లన్నీ చేతులతో తిట్టినవే. బాపుకి విసుగొస్తే కళ్లు మూసుకునేవాడు. అక్కడితో ఆ గొడవ తీరిపోయేది.

అమ్మ పోయాక బట్టకు ఆర్డర్లు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. అన్న షెడ్డుకు తాళం వేసి వేరే పని చూసుకున్నాడు. అప్పటికే బాపు చెవులు దాదాపు పోయాయి. కోరుట్లలో మా ఇంటికి రమ్మంటే ఒక్క షరతు పెట్టాడు.

"సాంచాలు అమ్మద్దు. రైలు అచ్చేదాక ఆగుండ్రి."

సిరిసిల్లకు రైలు వేస్తున్నారు. మట్టి పోసి కట్ట లేపుతున్నారు, వంతెనలు కడుతున్నారు. బస్సులో వస్తుంటే ఆ కట్ట కనబడిన చోటల్లా బాపు సీట్లోంచి లేచి చూశాడు. కండక్టర్ కూర్చోమన్నా వినబడలేదు.

"నూలు సీదా మనూళ్లెనే దిగుతది బిడ్డా. గప్పుడు సాంచాలు మల్ల ఆడుతయ్. సూడు నువ్వు."

సరేనన్నట్టు తల ఊపాను. ఆ ఆశ మీదే ఆయన అన్నం తింటున్నాడని నాకు తెలుసు.

కోరుట్లలో మా ఇల్లు రైలు గేటుకు అవతల. చాయ్ హోటల్ గేటుకు ఇవతల, బజారు వైపు. ఇంట్లో ఎంత మంచి చాయ్ పెట్టినా రోజూ సాయంత్రం పట్టాలు దాటి అక్కడికి పోవాల్సిందే. చెవులు వినబడవు, వెళ్లొద్దంటే నవ్వేవాడు.

"చెవులెందుకే? కాళ్లకు తెలుస్తది."

అది గొప్పలు పోవడం కాదు. సాంచాల మధ్య బతుకంతా నడిచిన మనిషి. నేల అదురును బట్టి ఏ సాంచ సరిగ్గా ఆడుతోందో, ఏది మొరాయిస్తోందో కనిపెట్టేవాడు. మా వాకిట్లో కూడా అంతే. నాకు కూత వినబడక ముందే అరికాళ్లు నేలకానించి "గూడ్స్ అస్తంది" అనేవాడు. అన్నట్టే వచ్చేది. కొన్నాళ్లకు నాకూ ధీమా వచ్చింది. ఇరుగుపొరుగుకు చెప్పుకొని మురిసేదాన్ని కూడా. ఇద్దరం మరిచిపోయిందేమిటంటే, పట్టాల పైన కరెంటు తీగలు వచ్చాయి. మునుపటి డీజిల్ ఇంజన్ల మోత, అదురు ఇప్పుడు లేవు.

ఒక సాయంత్రం బాపు ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. గేటు వేసి ఉంది. పట్టాలకు మా ఇంటి వైపు నేను, హోటల్ వైపు ఆయన. ఇద్దరు ముగ్గురు గేటు కింద దూరి దాటుతుంటే ఆయనా వంగి దూరాడు. అప్పుడు కనబడింది నాకు. పెట్టెలు లేవు, ఉత్త ఇంజన్ ఒక్కటే, మెత్తగా జారుతూ వస్తోంది. బాపు ఒక్క క్షణం ఆగి కాళ్లతో నేలను చూసుకున్నాడు. అదురు తెలియలేదు కాబోలు, అడుగు ముందుకు వేశాడు.

గేటుమన్ ఈల ఊదాడు. ఇంజన్ కూత మీద కూత వేసింది. నేను "బాపూ" అని అరిచిన అరుపుకు చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూశారు, ఆయన తప్ప. ఏం చేయాలో నేను ఆలోచించలేదు. నా పిడికిళ్లు రెండూ కలిశాయి, చటుక్కున విడిపోయాయి.

బాపు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. కుడిచెయ్యి పక్కకు చాచి, అక్కడ లేని హ్యాండిల్‌ను వెనక్కి గుంజాడు. మా ఇద్దరి మధ్యనుంచి ఇంజన్ పోయింది. అది పోయిన తర్వాత కూడా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.

పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూసి చాలా మామూలుగా అడిగాడు.

"ఏ సాంచది తెగింది బిడ్డా?"

ఆ మాట విని అంత జనంలో నిలబడి ఏడ్చాను. ఆ రోజునుంచి చాయ్‌కి నేను కూడా వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన అలిగాడు. అలిగితే అలగనీ అనుకున్నాను. మనిషి దక్కాడు, నాకది చాలు.

ఎండలు ముదిరాక అన్న ఫోన్ చేశాడు. షెడ్డు రేకులు లేచిపోయాయి, సాంచాలు తుప్పు పడుతున్నాయి, పాత ఇనుము కింద అమ్మడానికి మాట్లాడానని చెప్పాడు.

"రైలు అచ్చేదాక ఆగుమన్నడు కదనే" అన్నాను.

"రైలు అస్తది సరే. నేసేటోళ్లు ఎవలున్నరు? నువ్వు నేస్తవా, నేను నేస్తనా?"

అది విని ఫోన్ పెట్టేశాను. బాపుతో ఎలా చెప్పాలో తెలియక, షెడ్డు చూసొద్దాం పదమన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని నాకంటే ముందు బస్టాండులో నిలబడ్డాడు. దారి పొడుగునా మట్టికట్టను చూపిస్తూ ఎంత ఎత్తు లేచిందో చెబుతూనే ఉన్నాడు.

మేం ఆటో దిగేసరికి షెడ్డు ముందు లారీ నిండిపోయి ఉంది. సాంచాలు విప్పేసి చక్రాలు ఒక వైపు, చట్రాలు ఒక వైపు వేశారు. అన్న మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. లారీ కదిలింది. బాపు అరవలేదు. రోడ్డు మధ్యకు నడిచి, రెండు పిడికిళ్లు గుండె ముందు కలిపి విడదీశాడు. మళ్లీ కలిపి విడదీశాడు.

సామాను మీద కూర్చున్న కూలీకి మా భాష ఏం తెలుసు? ఎవరో పెద్దాయన పోయిరండని చెబుతున్నాడనుకొని, నవ్వుతూ చెయ్యి ఊపాడు. లారీ మలుపు తిరిగి, మట్టికట్ట పక్కన వేసిన కొత్త రోడ్డెక్కింది.

బాపు ఇంకా కలుపుతూ, విడదీస్తూనే ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్లి ఆయన పిడికిళ్లు రెండూ పట్టుకొని కిందికి దించాను.