చెత్తకు దారి లేని జిగ్గు

ఆ వర్క్‌షాపులో తలుపుల మడతబందులు తయారవుతాయి. రేకును కదలకుండా పట్టుకుని, డ్రిల్లు ఎక్కడ దిగాలో చూపించే ఇనుప చట్రాన్ని అక్కడ జిగ్గు అంటారు. జిగ్గులు చేసే మనిషిని కొలతలాయన అంటారు. తన బల్ల మీద గుడ్డ పరిచి, చేతులు కడుక్కుని గాని అతను పని ముట్టుకోడు. డ్రిల్లు మిషన్ల వైపు వెళ్లాలంటే మాత్రం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాడు. నేలంతా జిడ్డు, మూలల్లో తడి ఇనుప రజను, గోడ మీద ఎవరో ఊసిన మరకలు.

అద్దంలా మెరుగుపెట్టి అతనిచ్చిన కొత్త జిగ్గులోంచి రేకులు తట్టల కొద్దీ పాడై వచ్చాయి. రేకును జిగ్గులో తిరగేసి పెట్టడంతో చిల్లులు తప్పు అంచున పడ్డాయి. ఆ మిషను మీద పనిచేసేది అతని వదినే, సొంత అన్న భార్య.

"ఏ వైపు పెట్టాలో తెలిసేలా రేకుకు ఒక మూల కోసి ఉంటుంది కదా వదినా. ఆ మాత్రం కనబడదా? మనుషులు చేసే పనేనా ఇది?"

ఆమె మిషను ఆపలేదు. "నీ బల్ల మీదయితే కనబడుతుంది మరిదీ. ఇక్కడ ఓ పూట కూర్చుని చూడు. చొక్కా మాసిందంటే నేనే ఉతికిపెడతాలే."

పక్క మిషను వాళ్లు నవ్వారు. అతను పంతానికి కూర్చున్నాడు.

డ్రిల్లు మీద పోసే నూనెనీళ్లు కుళ్లిన వాసన కొట్టాయి. రజను జిగ్గు మూలల్లో ఇరుక్కుని రేకును కుదురుగా కూర్చోనివ్వలేదు. గోటితో గీకి తీయబోతే వేలు చీరుకుంది, అందులోకి ఆ మురికి దిగింది. రేకును జిగ్గుకు పట్టి ఉంచే బోల్టు బిగించబోతే స్పానరు జారింది. కాసేపటికి రేకుకు ఏ మూల కోసి ఉందో చూడ్డమే మానేశాడు.

వదిన అతని తట్టలోంచి ఓ రేకు తీసి చూపించింది. "ఇదెవరిది?"

తిరగబడిన రేకు. దాని కింద మరికొన్ని. కొలతలాయన జిగ్గు వంక చూశాడు. నాలుగు మూలలూ మూసి, నునుపు తేల్చి, చెత్త పోవడానికి సందు కూడా వదలని వస్తువు. దాన్ని చూసుకుని మురిసిపోయానే అనుకుంటే నూనెకన్నా ఎక్కువ రోత పుట్టింది. బయటి కుళాయి దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాడు.

మళ్లీ చేసిన జిగ్గుకు మూలలు తెరిచాడు, రజను రాలిపోయేలా అడుగున ఖాళీ వదిలాడు. రేకు కోసిన మూల ఉండే చోట ఒక మేకు నాటాడు. తిరగేస్తే ఆ మేకు అడ్డం పడుతుంది. బోల్టు తీసేసి, ఒక్క నొక్కుతో బిగిసే పిడి పెట్టాడు.

వదిన కావాలనే రేకును తిరగేసి పెట్టింది. కూర్చోలేదు. గట్టిగా నొక్కింది. ఊహూ.

"బాగుంది. పిడే పొట్టి, మణికట్టు లాగుతోంది."

కొలతలాయన జేబులోంచి కొలబద్ద తీశాడు. "ఎంత పెంచమంటావు, పట్టుకుని చూపించు" అని ఊపిరి బిగబట్టి ఆ జిడ్డులోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.