కడియం నర్సరీలో సుబేదారు గారి హాజరు పట్టీ

మా ఆయన సైన్యంలో సుబేదారుగా పనిచేసి ఇంటికొచ్చి ఏడేళ్లయింది. ఆయనతో పాటు సైన్యం కూడా వచ్చింది. పొద్దున అయిదింటికల్లా ఇల్లంతా లేవాలి. మా ఇంట్లో ఆయన మాట వినని ప్రాణి బల్లి ఒక్కటే. దానితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా సాయంత్రాలతోనే. ఒక్కోనాడు ఒక బూటు పట్టుకుని గంటసేపు పాలిష్ చేస్తూ కూర్చుంటారు, రెండోది ముట్టుకోరు. పదిహేనేళ్ల క్రితం పంజాబు సరిహద్దులో యుద్ధం చూసి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఏం జరిగిందండీ అంటే, "ఏముంది, మామూలే" అంటారు. ఆ మామూలు ఏమిటో ఒక్కసారి ఆయన నోట వినాలని నా పట్టుదల. అందుకే, కడియం దగ్గర ఒక నర్సరీలో నెలనెలా రెండో ఆదివారం మాజీ సైనికులను కూర్చోబెట్టి, మొక్కల మధ్య పాటా కవిత్వం నేర్పుతున్నారని తెలియగానే పేరు రాయించేశాను. ఆయన్ని అడగలేదు. అడిగితే వద్దంటారని నలభై ఏళ్ల కాపురం నేర్పింది. తెలిశాక ఒక షరతు పెట్టారు: "కవిత్వం రాయమన్నారంటే పన్నెండు గంటల బస్సెక్కేస్తాను."

నరసాపురంలో అయిదున్నరకు రాజమండ్రి బస్సు ఎక్కాం. పాలకొల్లు, మార్టేరు, సిద్ధాంతం మీదుగా పోయి, రావులపాలెం దాటాక గౌతమి వంతెన ఎక్కుతుంది. డిసెంబరు మంచులో గోదావరి కనపడదు, వాసన మాత్రం వేస్తుంది. మనిషికి ఏడు రూపాయలు. టిక్కెట్టు కొడుతూ కండక్టరు, "మామ్మగారూ, కడియపులంకలో మొక్కలు కొనుక్కుంటారాండి?" అన్నాడు.

"లేదు నాయనా, ఇంట్లో ఉన్న మొక్కనే కాస్త ఎండలో పెడదామని" అన్నాను. మా ఆయన కిటికీలోంచి మంచును చాలా శ్రద్ధగా పరిశీలించారు.

ఎనిమిదికి దిగాం. కాలవగట్టు వెంట పావుగంట నడక, అటూ ఇటూ చామంతులు, గులాబీ అంట్లు. తాటాకు పందిరి కింద పధ్నాలుగు మంది మాజీ సైనికులు. ఎవరూ చెప్పకుండానే ఎత్తు ప్రకారం వరసలో నిలబడ్డారు. నేర్పే ఆయన బడిలో సంగీతం చెప్పి రిటైరైన మాస్టారు, చేతిలో వయొలిన్. "కూర్చోండి బాబూ" అని మూడుసార్లు బతిమాలినా ఒక్కరూ కదల్లేదు. చివరికి మా ఆయన "బైఠో!" అన్నారు. పధ్నాలుగు మందీ దబ్బున కూర్చున్నారు. మాస్టారు కూడా.

తర్వాత మాస్టారు అందరికీ తలా ఒక కాయితం ఇచ్చి, అరగంట తోటలో తిరిగి, చూసిందీ విన్నదీ రాసుకు రమ్మన్నారు. మా ఆయన కాయితం కంటే ముందు వాచీ చూసుకున్నారు. నేను వెళ్లి వంటపాక దగ్గర కూర్చున్నాను. మనిషికి మూడు రూపాయల భోజనం. వండే సత్యవతి పనసపొట్టు కొడుతోంది.

"మీవారు తినకుండా వెళ్లిపోతారాండి? ఆవపెట్టిన కూరండి ఇది!"

"ఆయనకే చెప్పమ్మా. నా మాట కన్నా కూర మాటకు విలువెక్కువ."

పదకొండింటికి చదవడం మొదలైంది. తణుకు నుంచి వచ్చిన ఒక హవల్దారు లేచి, "తూర్పున యాభై గజాల్లో పిట్టలు రెండు. రంగు పసుపు. మనవైపే!" అని సెల్యూట్ కొట్టాడు. పందిరంతా నవ్వు. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆ మాటలనే వయొలిన్ మీద పలికించి అందరిచేతా పాడించారు. నమ్మండి, బాగానే ఉంది.

పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా మా ఆయన వంతు వచ్చింది. రోడ్డువైపు నడుస్తారనుకున్నాను. లేచి నిలబడి కాయితం విప్పారు.

"స్థలం, కాలవగట్టు. సమయం, తొమ్మిదీ పది. గులాబీ అంట్లు, వరసకు నలభై. మూడో వరసలో హాజరు ముప్పై తొమ్మిది. ఒకచోట ఖాళీ." ఆగారు. "లేనివాడు సిపాయి సూరిబాబు. ఊరు మొగల్తూరు. వయసు ఇరవై రెండు. నీళ్లు తెమ్మని పంపింది నేనే."

మాస్టారు వయొలిన్ కమాను ఒళ్లో పెట్టేసుకున్నారు. ఆ పిట్టల హవల్దారే లేచి, అటెన్షన్‌లో నిలబడి, "హాజర్, సాబ్" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ లేచి అదే మాట అన్నారు. రోడ్డు మీద పన్నెండు గంటల బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. మా ఆయన కూర్చుని ముఖం తుడుచుకుని, "కూర వాసన ఎక్కణ్ణించి?" అన్నారు. మూడుసార్లు వడ్డించుకున్నారు.

నాలుగింటి బస్సులో పాలకొల్లు దాకా సూరిబాబు కబుర్లే. వాడు రొట్టెలు కాలిస్తే ఆ రొట్టెతో మేకు దిగ్గొట్టవచ్చట. కంచరగాడిదకు జోలపాట పాడేవాడట. నవ్వి నవ్వి ఆయనకు పొలమారింది. మార్టేరు దగ్గర కాబోలు, "మొగల్తూరు మనకి గంట కూడా లేదు కదూ" అన్నారు. "లేదండి" అన్నాను. "వాళ్లమ్మ ఉందో లేదో. బుధవారం వెళ్దాం" అన్నారు. పదిహేనేళ్లలో మా ఆయన అటు వెళ్లే బస్సు ఒక్కసారీ ఎక్కలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

చదువుకున్న దాన్నని నాకు కాస్త గర్వం. అయినా ఇన్నేళ్లూ ఏం జరిగిందని అడుగుతూ వచ్చాను గానీ, ఎవరు రాలేదని అడగాలని తోచలేదు. ఆ ప్రశ్న మూడో వరస గులాబీలు అడిగాయి. పాట వచ్చిందా అంటే మా ఆయనకు ఇప్పటికీ శ్రుతి లేదు. స్నానాలగదిలో పసుపు పిట్టల రిపోర్టు మాత్రం రాగం తీస్తున్నారు. నేను తలుపు తట్టి తొందరపెట్టడం లేదు. మీలో ఎవరైనా మీవారిని తీసుకెళ్లేట్టయితే చాప ఒకటి పట్టుకెళ్లండి, నేల తడిగా ఉంటుంది. ఆయన చదివే వేళకు వంటపాక పక్కనే కూర్చోండి. సత్యవతి ఆ సమయానికి పులుసులోకి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని ఆయన అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.