గన్నేరు పాదుల్లో పెళ్లివారు

మా ఊళ్లో ఎండాకాలం నీడ కూడా గొడుగు వేసుకుని తిరుగుతుంది. అలాంటి ఊళ్లో మా మేనత్త నలుగురు ఆడవాళ్లను కూడగట్టి, మేకలు ముట్టవని రోడ్డు పొడుగునా గన్నేరు మొక్కలు నాటింది. ఎవరు చెయ్యి కడుక్కుంటున్నా, ఆఖరికి నోరు పుక్కిలిస్తున్నా, భుజం పట్టి మొక్క దగ్గరికి లాక్కుపోయేది. "ఆడ కాదప్పా, ఈ చెట్టు మొదట్లో పొయ్యి" అనేది.

ఆ వేసవిలో బోరు ఎండింది. మొక్కలు తలలు వాల్చేశాయి. సరిగ్గా అప్పుడే మేనత్త కూతురి పెళ్లికి కళ్యాణదుర్గం నుంచి మగపెళ్లివారు బస్సులో వచ్చారు. ఉన్నవి పెళ్లికని తెప్పించిన ట్యాంకరు నీళ్లే. వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వాలి కదా! మేనత్త చెంబు పట్టుకుని, దిగినవాళ్లను దిగినట్టే ఒక్కో పాదులో నిలబెట్టింది.

పెళ్లికొడుకు పెదనాయనకు మండింది.

"ఏమ్మా, మాకు మర్యాద చేస్తాండావా, మడికి నీళ్లు కడతాండావా?"

"రెండూనన్నా. అలిగి పోతానంటే పో, కాళ్లు మాత్రం ఈడే కడుక్కోని పో!"

పెళ్లి ఆగిపోయినట్టేననుకున్నాం. ఆయన వేరుశనగ రైతు. వంగి, వాడిన ఆకును వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత బస్సు వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"లోపల కూర్చున్నోళ్లంతా దిగండ్రా! ఈడ ఇంకా చెట్లుండాయి."