పాలు కారని జెముడు

మా చిన్నప్పుడు... బిట్రగుంట రైల్వే కాలనీలో, మా క్వార్టర్సు వాకిట్లో, నాయన గడ్డం గీసుకునే బ్లేడు పట్టుకుని మా అవ్వకు ఎదురు నిలబడ్డాను. మా ఇద్దరి మధ్యా ఒక పాల డబ్బా... అందులో నా ముళ్ళ మొక్క.

అరవైల మొదటి సంగతి. నాకు తొమ్మిదేళ్ళు. నాయన గాజులు కొనిస్తానని నెల్లూరు తీసుకెళ్తే, పక్కనున్న మొక్కల అంగడిలో దీన్ని చూసి గాజులే వద్దని మొండికేశాను. జానెడు పొడుగు, నిలువునా గట్లు, గట్ల మీద వరసగా ముళ్ళు. పేరేమిటని అడిగితే అంగడాయన, "నాకూ తెలీదు పాపా... నీళ్ళు పొయ్యి, అదే పెరుగుతాది" అన్నాడు.

అవ్వకు మాత్రం చూడగానే తెలిసిపోయింది!

"జెముడే ఇది! దీని పాలు కంట్లో పడితే చూపు పోతాది. ఇంట్లో పసిబిడ్డ పాకతా ఉండాడు. పారేసిరా పో!"

పసిబిడ్డంటే మా తమ్ముడు. వాడి కళ్ళ మాటెత్తాక ఇంక ఎవరు మాట్లాడతారు? నాయన ఇంజన్ డ్యూటీకి వెళ్ళిపోయాడు, అమ్మ తమ్ముణ్ణి చంకనెత్తుకుని వంటింట్లోకి పోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తమ్ముడికి అందకుండా డబ్బాను ప్రహరీ గోడ మీదకెక్కించాను. పారేయలేదు.

పొద్దున్నే తులసమ్మకు పోసినట్టే దానికీ చెంబుడు నీళ్ళు పోసేదాన్ని. ప్రేమ మరి... నెల తిరక్కుండానే అడుగు మెత్తబడి, పసుపు తిరిగి, వాసన కొట్టింది. "పీడ పోయింది" అంటూ అవ్వ డబ్బా కిందికి దించింది.

అప్పుడు తెచ్చాను బ్లేడు.

"కోస్తా అవ్వా. పాలొస్తే నేనే పారేస్తా. రాకపోతే మళ్ళీ దీని జోలికి రాబాక!"

మొక్కకు గుడ్డ చుట్టి పట్టుకుని కోశాను. తెల్లటి చుక్క ఒక్కటీ లేదు... నీళ్ళలాంటి జిగురు, అంతే. అవ్వ వంగి, కళ్ళు చికిలించి చూసింది. "ఇదేం జెముడే?" అంది. "జెముడు కాదు గనకే!" అని అరిచాను.

చేపలు అమ్మవచ్చిన పోలమ్మక్క గంప దించి ఇదంతా చూస్తోంది. "కుళ్ళిందంతా కోసెయ్ పాపా. పైముక్కని నీడలో పెట్టు. కోసిన చోటు బాగా ఆరినాకే ఇసకలో గుచ్చు. మా ఊరి ఇసక దిబ్బల మీద నాగజెముడు ముక్కలు అట్టనే వేళ్ళు పోస్తాయి. నీళ్ళంటావా... నువ్వు మర్చిపోతేనే దానికి మంచిది" అంది.

పది రోజులు కిటికీలో ఉంచాను. "ఎండిన వంకాయ" అని అందరూ ఎగతాళి చేశారు. ఆ మాటలన్నీ పడ్డాను. ఏటి ఇసకలో గుచ్చి, చెంబు ముట్టకుండా చేతులు కట్టుకున్నాను. నెలా పదిరోజులకు మెల్లగా లాగితే... రాలేదు! వేరు పట్టింది! ఆ రోజు కాలనీ అంతా ఎంత పొగరుగా తిరిగానో.

తానన్నది తప్పు అని అవ్వ ఏనాడూ ఒప్పుకోలేదు. కానీ వచ్చినవాళ్ళతో, "ముట్టుకోబాకండి, మా మనవరాలి మొక్క... జెముడు కాదులే" అనడం నా చెవులారా విన్నాను. దాని పేరు మాత్రం చివరిదాకా ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ప్రతి కుండీకీ పేరు చీటీ... ఎన్ని నీళ్ళో, ఎంత ఎండో రాసి మరీ అమ్ముతున్నారు. మంచిదే. కానీ ఒక మొక్క కోసం ఇంటిల్లిపాదితో పోట్లాడే పిల్లలేరీ?

పెద్దలు వద్దన్నదాన్ని పట్టుబట్టి బతికించుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే రాయండి... ఎదురుగా ఎవరున్నా సరే, నేను మీ పక్షమే.